అమ్మ చూడని చిత్రలహరి

ఈమధ్య మా చుట్టాల వాట్సాప్ గ్రూపు తెరిస్తే చాలు, తొంభైల గోలే. డాబా మీద నిలబడి యాంటెనా తిప్పుతున్న పిల్లాడి బొమ్మ ఒకరు పెడతారు. క్యాసెట్‌లో పెన్సిల్ దూర్చి టేపు చుడుతున్న బొమ్మ ఇంకొకరు. కింద వరసగా దండాలు, కన్నీళ్ళు, "ఆ రోజులే వేరు" అనే నిట్టూర్పులు. 2024 జనవరిలో శివాజీ నటించిన 'నైంటీస్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' ఈటీవీ విన్‌లో వచ్చాక ఈ జ్వరం మరీ ఎక్కువైంది. థియేటర్ల వాళ్ళు కూడా నాడి పట్టేశారు, పాత సినిమాలకి మెరుగులు దిద్ది మళ్ళీ వదులుతున్నారు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' 1990 మే 9న వచ్చింది కదా, సరిగ్గా 35 ఏళ్ళకి, 2025లో అదే మే 9న మళ్ళీ వచ్చింది. మా అన్నయ్య ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్ళొచ్చాడు. యాభై దాటిన మనిషి, ఈలలు వేశాడట! వదిన చెప్పింది.

ఇదంతా వెక్కిరించడానికి రాయట్లేదు. నేను పుట్టింది 1979లో. ఊహ తెలిసే వయసూ, ఓణీల వయసూ అన్నీ ఆ పదీ పదిహేనేళ్ళలోనే గడిచిపోయాయి. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి మొదలవుతుంటే ట్యూషన్ నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తినదాన్ని. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు, ఒక్కో పిల్ల పాడటం అయ్యాక బాలుగారు ఏం సవరిస్తారా అని ఊపిరి బిగబట్టి చూసినదాన్ని. ఇప్పటికీ ఆ సంగీతం వినపడితే చేతిలో పని ఆగిపోతుంది. 2020 సెప్టెంబరులో ఆయన పోయిన రోజు మా ఇంట్లో కూర మాడింది, ఎవరూ ఏమీ అనలేదు.

నా గొడవల్లా ఒకటే. ఈ జ్ఞాపకాలన్నీ చెప్పేది టీవీ ముందు చాప మీద కూర్చున్నవాళ్ళు. ఆ చాప వేసినవాళ్ళని ఎవరూ అడగరు.

పోయిన సంక్రాంతికి అందరం కలిసినప్పుడు మా అన్నయ్య "అమ్మా, చిత్రలహరి గుర్తుందా? మనందరం కూర్చుని చూసేవాళ్ళం" అన్నాడు. అమ్మకి డెబ్బై ఒకటి. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "మీరు చూసేవాళ్ళురా, నేను వినేదాన్ని" అంది. అంతే. కోపం లేదు, దెప్పుడూ లేదు. ఉన్నమాట చెప్పి ఇంకో కాయ తీసుకుంది.

నిజమే. మా గుడివాడ ఇంట్లో టీవీ ముందుగదిలో, వంటిల్లు వెనక. మధ్యలో నడవా. శుక్రవారం సాయంత్రం అంటే నాన్న వచ్చే వేళ, పాలు కాచే వేళ, రాత్రి వంట మొదలయ్యే వేళ. అమ్మకి ఆ పదేళ్ళ పాటలన్నీ నోటికి వచ్చు, పల్లవీ చరణాలతో సహా. కానీ ఏ పాట ఎవరి మీద తీశారో తెలీదు. ఇప్పుడు నేను ఫోన్‌లో ఏదైనా పెడితే కళ్ళజోడు సర్దుకుని "ఓ, ఇదా ఆ పాట! శ్రీదేవా ఇందులో? నేను భానుప్రియ అనుకున్నా ఇన్నాళ్ళూ" అంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ మనసులో భానుప్రియ ఆడిన పాటలో ఒక్కసారిగా శ్రీదేవి వచ్చి నిలబడింది. మనం దేని కోసం నిట్టూరుస్తున్నామో దాన్ని మా అమ్మ ఇప్పుడు, తన డెబ్బై ఒకటో ఏట, మొదటిసారి చూస్తోంది. ఆవిడకి ఆ రోజులు కాదు, ఈ రోజులే బావున్నాయి.

రామాయణం సంగతీ అంతే. 1987 జనవరిలో మొదలై ఏడాదిన్నర సాగింది ఆ సీరియల్. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి వీధిలో కాకి కూడా అరిచేది కాదని అందరూ రాస్తారు. మా వీధిలో రెండే టీవీలు. మా ఇంటికి కనీసం పాతికమంది వచ్చేవాళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లని కాబట్టి నాకు పండగే. పాతికమంది వస్తారంటే ముందే ఇల్లు కడగాలి, చాపలు పరవాలి, ముసలివాళ్ళకి కుర్చీలు వేయాలి, మధ్యలో మంచినీళ్ళు అడిగినవాళ్ళకి ఇవ్వాలి, అయ్యాక గది ఊడవాలి. 2020లో లాక్‌డౌన్ పెట్టగానే దూరదర్శన్ వాళ్ళు మళ్ళీ అదే రామాయణం వేశారు గుర్తుందా? మావారు, మామగారు, పిల్లలు, అందరూ సోఫాలో. పనిమనిషి రావడం మానేసిన రోజులు. సీతమ్మవారు అశోకవనంలో ఉండగా నేను అంట్లగిన్నెల దగ్గర ఉన్నాను. 33 ఏళ్ళలో టీవీ రంగుల్లోకి వచ్చింది, పలచబడింది, గోడెక్కింది. వంటింట్లో ఉన్న మనిషి మాత్రం అక్కడే ఉంది.

సినిమాల జోలికి పోతే ఇంకా చిత్రంగా ఉంటుంది. మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. "మీ కాలంలో మంచి ఫ్యామిలీ సినిమా ఒకటి చూపించమ్మా" అంటే 1994 నాటి 'శుభలగ్నం' పెట్టాను. ఎస్.వి. కృష్ణారెడ్డిగారి సినిమా, ఆమని, జగపతిబాబు, రోజా. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా మ్యాట్నీకి వెళ్ళి కొంగులు తడుపుకుని వచ్చిన సినిమా. డబ్బు మీద ఆశతో మొగుణ్ణి కోటి రూపాయలకి అమ్ముకున్న భార్య కథ. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది, దాచుకోను. ఆమని అంత బాగా చేసింది. మా అమ్మాయి మాత్రం చివరిదాకా చూసి, "అమ్మింది తప్పయితే కొన్నావిడది కూడా తప్పేగా? ఊరంతా ఈవిణ్ణే ఎందుకు తిడుతున్నారు? అసలు ఆయన ఎందుకు ఒప్పుకున్నాడు?" అంది. ముప్ఫై ఏళ్ళ కిందట మా వీధిలో ఈ మూడో ప్రశ్న ఒక్కరు కూడా అడిగినట్టు నాకు గుర్తులేదు. ఆశ పడితే ఆడది చెడుతుంది అని నేర్చుకుని ఇంటికొచ్చాం. ఇక ఇద్దరు పెళ్ళాల మధ్య నలిగే మగాడి కామెడీలు ఆ దశాబ్దంలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టలేం. 1996లో వచ్చిన ఒకదాని పేరే 'ఇంట్లో ఇల్లాలు వంటింట్లో ప్రియురాలు'. ఆ పేరు మా అమ్మాయి ముందు పైకి చదవడానికి నాకు నోరు రాలేదు. అప్పుడేమో ఇంటిల్లిపాదీ నవ్వుతూ చూశాం.

అయితే తొంభైలు మనకి ఏమీ ఇవ్వలేదా అంటే, ఇచ్చాయి. అది ఈ వాట్సాప్ బొమ్మల్లో లేదు. ఉన్నది మధ్యాహ్నం పూట.

భోజనాలయ్యి, మగవాళ్ళు పనులకీ పిల్లలు బడులకీ పోయి, అంట్లు సర్దాక, మళ్ళీ కాఫీ నీళ్ళు పడేసేదాకా ఒక రెండు గంటలు ఉండేవి. మా వీధి ఆడవాళ్ళకి సొంతమైన సమయమంటూ ఉంటే అదే. ఆ రెండు గంటల్లో మా ఇంటి అరుగు మీద వారపత్రికలు నడిచేవి. ఆంధ్రప్రభ ఒకరు కొనేవారు, ఆంధ్రజ్యోతి ఒకరు, ఆంధ్రభూమి ఎదురింటివాళ్ళు, స్వాతి మా ఇంట్లో. ఎవరు కొన్నది వాళ్ళు మొదటి రోజు చదవాలి, రెండో రోజుకి పక్కింటికి వెళ్ళిపోవాలి. అట్ట నలిగినా ఫరవాలేదు, సీరియల్ పేజీ మీద మాత్రం కూర మరక పడకూడదు. ఎందుకంటే వారం చివర్లో అది మళ్ళీ కొన్నవాళ్ళ చేతికి చేరాలి. వాళ్ళు పిన్నులు విప్పి సీరియల్ కాగితాలు జాగ్రత్తగా ఊడదీసి, పరుపు కింద పెట్టుకుని, కథ పూర్తయ్యాక దబ్బనంతో పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేవాళ్ళు. బయట దేవుడి బొమ్మ, లోపల ప్రేమకథ! మా అమ్మ కుట్టు ఎలా ఉండేదంటే, ముప్ఫై ఏళ్ళయినా ఒక్క కాగితం జారలేదు.

సీరియల్ పేజీ వెనకవైపు ఏముంటే అదీ దాంతోపాటే బైండు అయిపోయేది. ఒకచోట కథానాయిక ఏడుస్తుంటుంది, తిప్పితే కాకరకాయ పులుసు. అమ్మ దగ్గర ఇప్పటికీ కొన్ని వంటలకి గుర్తు అలాగే. "ఆ పెళ్ళి ఆగిపోయిన కథ వెనకాల ఉంటుంది చూడు, గోంగూర పచ్చడి" అంటుంది.

ఆ అరుగు మీద మాట్లాడుకున్నది సీరియల్ గురించే అనుకునేదాన్ని చిన్నప్పుడు. ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది, వాళ్ళ గురించే మాట్లాడుకునేవాళ్ళు. "ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళిపోవాల్సింది" అని ఎవరైనా అంటే కాసేపు ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. సొంత పేరు పెట్టి చెప్పుకోలేనివి కథానాయిక పేరు పెట్టి చెప్పుకునేవాళ్ళు. వెనకింటి పిన్నిగారి చెయ్యి ఒకసారి వాచి ఉంటే ఎవరూ అడగలేదు. ఆ వారం సీరియల్‌లో తాగొచ్చి కొట్టే మొగుణ్ణి మాత్రం అందరూ కలిసి చెడతిట్టారు. పిన్నిగారు కూడా తిట్టింది.

మాలతీ చందూర్‌గారి ప్రమదావనం గురించి చెప్పకపోతే ఈ సంగతి పూర్తికాదు. ఆంధ్రప్రభలో దశాబ్దాల తరబడి నడిచిన శీర్షిక అది. మొటిమలకి ఏం రాయాలో అడిగిన పిల్లకీ, అత్తగారు మాట్లాడనివ్వట్లేదని రాసిన కోడలికీ, చదువు మధ్యలో ఆపేసిన ఇల్లాలికీ ఒకే ఓపికతో జవాబు ఇచ్చేవారు. ఇంగ్లీషు నవలల కథలన్నీ మా అమ్మకి తెలిశాయంటే స్వాతి మాసపత్రికలో ఆవిడ రాసిన 'పాత కెరటాలు' వల్లే. ఎనిమిదో తరగతితో చదువాగిన మనిషి టాల్‌స్టాయ్ నాయిక రైలు కింద ఎందుకు పడిందో ఎదురింటివాళ్ళకి విడమరిచి చెప్పేది. ఏ టీవీ ఇచ్చింది ఆవిడకి అది?

మా బి.ఏ.లో ఒక లెక్చరర్ ఉండేవారు. ప్రబంధాలు చెప్తే నోరు తెరుచుకుని వినాల్సిందే, అంత బాగా చెప్పేవారు. ఆడవాళ్ళు చదివే నవలలంటే మాత్రం ఆయనకి చులకన. "ఆరడుగుల హీరో, పడవంత కారు" అని క్లాసంతా నవ్వించేవారు. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ'లో రాజశేఖరం అలాంటివాడే, కాదనను. అంత డబ్బూ అంత పొగరూ ఉన్న మనిషి మా గుడివాడలో ఎవరికీ తారసపడలేదు. కానీ ఆ నవల చదివినవాళ్ళకి రాజశేఖరం ఎంత గుర్తున్నాడో జయంతి కూడా అంతే గుర్తుంది. ఉద్యోగం చేసుకుంటూ, ఆత్మాభిమానం అడ్డొస్తే అంతటివాణ్ణీ లెక్కచేయని అమ్మాయి. వరూధిని వెంటపడితే కాదన్న ప్రవరుణ్ణి పద్యం కోసం మెచ్చుకున్నప్పుడు, జయంతిని కథ కోసం మెచ్చుకుంటే తప్పేమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. 2018లో ఆవిడ పోయినప్పుడు మా అమ్మ, నేను, మా అత్తగారు ముగ్గురం మూడు ఊళ్ళలో ఉండి ఫోన్‌లో గంటసేపు నవలల పేర్లు చెప్పుకున్నాం. మా అత్తగారికీ నాకూ పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అంతసేపు గొడవ లేకుండా సాగిన సంభాషణ అదొక్కటే!

రేడియో కూడా మనదే. చేతులు పనిలో ఉండగా చెవులు ఖాళీగా ఉండేవాళ్ళ కోసం పుట్టినట్టుండేది. అదివారం మధ్యాహ్నం నాటకం వస్తుంటే అమ్మ అప్పడాలు వత్తడం కూడా నెమ్మదించేది, శబ్దం అడ్డొస్తుందని.

మరో సంగతి. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. సంపూర్ణ అక్షరాస్యత తరగతుల్లో రాత్రిపూట కూర్చుని అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు, ఆ పాఠాల్లో తమలాంటి ఆడవాళ్ళ కథ చదివి కదిలారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో మద్య నిషేధం వచ్చాయి. 1997లో మళ్ళీ ఎత్తేశారనుకోండి. తొంభైల పోస్టుల్లో నిర్మా ప్రకటన ఉంటుంది, ఈ పాఠం ఉండదు. ఆ దశాబ్దంలో తెలుగు ఆడవాళ్ళు చదివినవాటిలో అన్నిటికంటే పెద్ద పని చేసింది అదే కదా?

మధ్యాహ్నాలు ఎలా పోయాయో నా కళ్ళ ముందే జరిగింది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. కేబుల్ వైరు డాబాల మీదుగా మా వీధికి చేరింది. మొదట్లో అందరూ కలిసే చూశారు. తర్వాత ఎవరి ఇంట్లో వాళ్ళకి టీవీ అయ్యింది. వారానికి ఒకసారి వచ్చే కథ రోజూ రావడం మొదలుపెట్టింది. రోజూ వచ్చేదాని గురించి మాట్లాడుకోవడానికి ఏముంటుంది? వారం రోజులు నానితేనే ఏ కథకైనా రుచి. అరుగు ఖాళీ అయ్యింది. వారపత్రికలు ఒక్కొక్కటిగా చిక్కిపోయి ఆగిపోయాయి. రోజుకి అర్ధరూపాయికి నవల అద్దెకిచ్చే బడ్డీ కాస్తా ముందు వీడియో క్యాసెట్ల కొట్టయ్యింది, తర్వాత సెల్‌ఫోన్ రీఛార్జి కొట్టయ్యింది.

ఇప్పటివాళ్ళకి ఏమీ లేదని అనను. ప్రతిలిపిలో రోజుకి ఎంతమంది ఆడవాళ్ళు సీరియల్స్ రాస్తున్నారో చూస్తే కళ్ళు తిరుగుతాయి. మా అమ్మ తరం చదవడం దగ్గరే ఆగిపోయింది, వీళ్ళు రాస్తున్నారు. అది చిన్న విషయం కాదు. ఒక్క అరుగు మాత్రం దొరకట్లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా గుడివాడ ఇల్లు అపార్టుమెంటు కట్టడానికి ఇచ్చేశారు. వచ్చే నెలాఖరుకి ఖాళీ చేయాలి. ఎవరికి కావాల్సినవి వాళ్ళు తీసుకోమన్నాడు అన్నయ్య. పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ, షట్టర్ తలుపులున్న చెక్క పెట్టె, ఆడక పాతికేళ్ళయ్యింది. దాన్ని తుడిపించి హైదరాబాద్ తీసుకెళ్ళి హాల్లో షోకేసుగా పెట్టుకుంటాడట. టేప్‌రికార్డరూ వాడికే. అటక మీద రెండు ట్రంకుపెట్టెల నిండా అమ్మ కుట్టిన సీరియల్స్ ఉన్నాయి. అవి మాత్రం "పేపర్ వాడికి వేసేద్దాం, చెదలు పడతాయి" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. అన్నయ్యతో గట్టిగా మాట్లాడటం నాకు అలవాటు లేదు, కానీ మాట్లాడాను. వాడు చూసిన టీవీ జ్ఞాపకమూ, ఆవిడ చదివిన కాగితం చెత్తా ఎలా అవుతాయి? పెద్ద పాతసామాను కొట్టుకి పోతే అలాంటి టీవీ పెట్టెలు ఇంకా దొరుకుతాయి. అమ్మ కుట్టిన పుస్తకాలు ఇంకెక్కడా దొరకవు. "మీ ఫ్లాటులో ఎక్కడ పెడతావే?" అన్నాడు. దీవాన్ కింద పెడతాను. పరుపులు పైకి చేరతాయి. మావారు ఏమంటారో ఇంకా అడగలేదు, అడిగే ఉద్దేశమూ లేదు. అమ్మ మాత్రం "నాకెందుకే ఇప్పుడవి" అంటూనే, దింపిన పెట్టెలోంచి ఒకటి తీసుకుని వెనక వరండాలోకి వెళ్ళిపోయింది. సాయంత్రం కాఫీ అన్నయ్య పెట్టాడు.

మొత్తం ముప్ఫై ఒకటి తేలాయి. ఇరవై ఎనిమిది పూర్తిగా ఉన్నాయి. రెండింటికి మొదటి పేజీలు లేవు, అవి ఏమిటో పోల్చుకోగలిగాను. ఒక్కటి మాత్రం పజిల్‌గా మిగిలింది. దానికి మొదటి కాగితమూ లేదు, చివరి రెండు వారాలూ లేవు. కాబట్టి పేరు తెలీదు, రాసినవాళ్ళూ తెలీదు, ఏ పత్రికో కూడా తెలీదు. ఆ రెండు వారాలూ మేం దసరా సెలవులకి అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నామట, తిరిగొచ్చేసరికి పక్కింటివాళ్ళు ఆ పుస్తకాలని ఎవరికో ఇచ్చేశారట. కథానాయిక సుజాత, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. మొగుడు వదిలేసి వెళ్ళి నాలుగేళ్ళయ్యాక ఒక రాత్రి డ్యూటీలో ఉండగా ట్రంక్‌కాల్ వస్తుంది. అవతల అతని గొంతు. తిరిగి వస్తానంటాడు. ఆవిడ చేతిలో విశాఖపట్నం బదిలీ కాగితం ఉంటుంది. అక్కడ ఆగింది. అక్షరాలు తిరిగిన తీరు చూస్తే ఎనభై ఎనిమిదికీ తొంభై రెండుకీ మధ్యది అనిపిస్తోంది. ఒక కాగితం వెనక మామిడికాయ తురుముపచ్చడి ఉంది.

మీలో ఎవరైనా ఇది చదివి ఉంటే, లేదా మీ అమ్మగారినో అత్తగారినో అడిగి చెప్పగలిగితే, దయచేసి చెప్పండి. సుజాత విశాఖపట్నం వెళ్ళిందా, లేక అతని కోసం ఆగిపోయిందా? అమ్మ వెళ్ళే ఉంటుందని అంటోంది.